ముందు చన్నీళ్ళు, తర్వాతే వేణ్ణీళ్ళు

అందరికీ నమస్కారమండి. ఇంట్లో వేడి వస్తువులతో పసిపిల్లలకి ఒళ్ళు కాలకుండా ఎలా చూసుకోవాలి, కాలితే ఏం చేయాలి అన్నదే ఇవాళ్టి మాట. ఇది ముఖ్యంగా నడక నేర్చే పిల్లలున్న తల్లుల కోసమే గానీ, మామ్మలూ తాతయ్యలూ, పేపరు చదువుకుంటూ టీ గ్లాసు పక్కన నేల మీద పెట్టుకునే నాన్నలూ, మీరు కూడా రేడియో కట్టేయకండి.

"కాలుద్దిరా, అటెళ్ళకు అని పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నా, వింటేగా అండీ" అంటుంటారు అమ్మలు. వినడమ్మా. ఏడాదిన్నర పిల్లాడు తలైతే ఊపుతాడు, మనం అటు తిరగ్గానే చెయ్యి పెట్టేస్తాడు. అందుకని వాణ్ణి మార్చాలనుకోవడం మానేసి, వేడి వస్తువుల చోటు మార్చండి.

అంగన్‌వాడీలో తల్లులతో నేను ముందు చెప్పేది, ఇంటికెళ్ళి వంటింట్లో ఒకసారి మోకాళ్ళ మీద కూర్చోమని. నవ్వుతారు. కానీ అలా కూర్చుంటే గట్టు దాటి బయటికొచ్చిన పెనం కాడ, కిందికి వేలాడే రైస్ కుక్కర్ వైరు, స్టూలు మీద పాలగిన్నె, అన్నీ సరిగ్గా పిల్లాడి చేతికందే ఎత్తులో కనిపిస్తాయి. కాడ గోడవైపు తిప్పండి, వైరు పైకి చుట్టేయండి, మరిగేవి వెనక పొయ్యి మీదే పెట్టండి.

మన కోనసీమలో ఇంకా గంజి వార్చే ఇళ్ళు ఉన్నాయి కదా. అన్నం గిన్నె ఓ మూల నేల మీద వార్పుకి పెట్టి, కూర మాడుతోందని అటు పరిగెడతాం. గంజి నీళ్ళలా జారిపోదు, చర్మానికి అతుక్కుని ఇంకా కాలుస్తూనే ఉంటుంది. పైగా పసిచర్మం మనకన్నా పల్చన, 60 డిగ్రీల వేడి నీళ్ళు ఒకటి రెండు సెకన్లు తగిలినా లోతుగా కాలుతుంది. మరి పొయ్యి మీద మరిగేది 100 డిగ్రీలు! వార్పు గట్టు మీదే పెట్టుకోండి, కుదరకపోతే ఆ కాసేపూ వంటింటి తలుపు వేసేయండి.

వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అంటాం గానీ, స్నానాల గదిలో మాత్రం ముందు చన్నీళ్ళు పోసి, తర్వాతే వేణ్ణీళ్ళు కలపండి. మధ్యలో ఎవరో పిలిచారని మీరు వెళ్ళినా, బకెట్లో ఉన్నవి చన్నీళ్ళే. బకెట్లో వేసే హీటర్ రాడ్ పిల్లలున్న ఇంట్లో అసలు వద్దనే అంటాను, దాంతో కాలడమే కాదు, షాకు భయం కూడా. సాంబ్రాణి నిప్పులు, దోమల చుట్ట, అప్పుడే దిగిన బండి సైలెన్సరు, ఇవీ గుర్తుంచుకోండి. భీమవరం వైపు చేపల, రొయ్యల చెరువులున్నవాళ్ళు చెరువులో చల్లే సున్నం బస్తాలు ఇంటి వరండాలో ఉంచకండి, పొడి సున్నం తడి తగిలితే వేడెక్కి కాలుస్తుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు.

పెళ్ళిళ్ళలో ఇంకో టెన్షన్. చుట్టూ వందమంది ఉన్నారు కదా, ఎవరో ఒకరు చూస్తార్లే అనుకుంటారు, తీరా ఎవరూ చూడరు. వంటల షెడ్డులో సాంబారు గుండిగలు నేల మీదే ఉంటాయి. "ఈ గంటసేపు పిల్లాడు నీ బాధ్యతరా బావా" అని పేరు పెట్టి అప్పజెప్పండి.

ఇంత చేసినా కాలిందే అనుకోండి. ముందు తడిసిన బట్టలు, గాజులు, మొలతాడు తీసేయండి, వాపు వచ్చాక రావు. బట్ట చర్మానికి అంటుకుపోతే మాత్రం లాగకండి. కాలిన చోట శుభ్రమైన కుళాయి నీళ్ళు ధారగా 20 నిమిషాలు పోయండి. గడియారం చూసుకుని మరీ పోయండి, ఏడుస్తున్నాడని మధ్యలో ఆపేస్తారు. మిగతా ఒళ్ళు తువ్వాలుతో కప్పండి, చలి పట్టకుండా. కాలి అరగంటో గంటో దాటిందని మానకండి, మూడు గంటల్లోపు పోసినా మేలే. ఐస్ వద్దు. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, కాఫీపొడి ఏదీ వద్దు. మామ్మగారు అరిచినా సరే వద్దు, అవన్నీ కడిగితే గానీ డాక్టరుకి గాయం కనపడదు, కడిగేటప్పుడు ఆ నొప్పి మళ్ళీ పిల్లాడిదే. పొడి సున్నమైతే ముందు దులిపి, ఆ తర్వాత నీళ్ళు. బొబ్బలు చిదమకండి.

తర్వాత శుభ్రమైన నూలుబట్ట వదులుగా కప్పి ఆస్పత్రికి వెళ్ళండి. పిల్లాడి అరచెయ్యి కన్నా ఎక్కువ కాలినా, ముఖం, చేతులు, పాదాలు, కీళ్ళు, మర్మాంగాల దగ్గర కాలినా, కరెంటు తగిలినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఏం పడింది, ఎప్పుడు పడింది, ఎంతసేపు నీళ్ళు పోశారు, ఈ మూడూ డాక్టరుగారికి చెప్పండి.