పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటే ఏం చేయాలి?

యాంకర్: కడప నుంచి ఒక అక్క లైన్లో ఉన్నారు. చెప్పండక్కా.

కాలర్: నమస్తే మేడం. మా చెల్లెలు కువైట్‌లో ఇంటిపనికి పోయింది. నాలుగు నెలల నుంచి జీతం లేదు. పాస్‌పోర్టు ఆ ఇంటి యజమాని, అక్కడ బాబా అంటారు, బీరువాలో పెట్టుకున్నాడు. రాత్రిపూట బాత్రూంలో నల్లా తిప్పి, ఆ చప్పుడులో మాతో మాట్లాడుతుంది. ఏజెంటు ఫోన్ ఎత్తడు. దాని ఏడుపు వీడియో ఫేస్‌బుక్‌లో పెట్టేయాలా మేడం?

న్యాయవాది: ఇప్పుడే వద్దమ్మా. ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉంది, వాళ్ల కోపం మొదట ఆమె మీదే పడుతుంది. పాస్‌పోర్టు దాచుకునే హక్కు మాత్రం ఆయనకు లేదు. కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టమే ఆ మాట చెబుతోంది. పని 12 గంటలు దాటకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి, నెలనెలా జీతం ఇవ్వాలి.

కాలర్: చట్టం ఉండి కూడా ఇట్లెందుకు చేస్తారు?

న్యాయవాది: అకామా, అంటే ఆమె ఆ దేశంలో ఉండే అనుమతి, ఆయన చేతిలో ఉంటుంది కాబట్టి. గడప దాటితే పారిపోయిందని ఆమె మీదే కేసు పెట్టొచ్చు. కఫాలా అనే స్పాన్సర్ పద్ధతి అంటే ఇదే. 2018లో ఫిలిప్పీన్స్ అమ్మాయి శవం కువైట్‌లో ఒక ఫ్రీజర్‌లో దొరికింది. ఆ దేశం భగ్గుమంది, మనుషుల్ని పంపడమే ఆపేసింది. ఆ మే నెలలోనే పాస్‌పోర్టు, ఫోన్ పనివాళ్ల దగ్గరే ఉండాలని కువైట్ ఒప్పందం మీద సంతకం పెట్టింది. మన రాయచోటి, రాజంపేట ఆడబిడ్డల కోసం మనం ఎన్నడైనా అంత గట్టిగా అడిగామా? నా కడుపుమంట అదే.

కాలర్: మేమూ కలెక్టరేట్ ముందు కూర్చుంటాం మేడం.

న్యాయవాది: కూర్చోండి, అది మీ హక్కు. చెల్లెల్ని మాత్రం అక్కడ ఏ నిరసనకూ పోవద్దని చెప్పండి. విదేశీయులు రోడ్డెక్కితే కువైట్ వెనక్కి పంపేస్తుంది. మీరు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. పాస్‌పోర్టు జిరాక్స్, ఇంటి చిరునామా, బాబా నంబరు అందులో రాయండి. ఏజెంటుకు లైసెన్సు లేకుంటే 1983 వలస చట్టం కింద పోలీసు కేసు అవుతుంది, డబ్బు కట్టిన కాగితాలు పారేయకండి. ఇక ఉండలేను అనుకుంటే ఆమె నేరుగా మన ఎంబసీకే పోవాలి. తెలిసినవాళ్ల రూముకు పోతే పరారీ కేసు ఇంకా బిగుసుకుంటుంది.

కాలర్: ఫిర్యాదుకు ఆమె సివిల్ ఐడీ, అదే కువైట్ గుర్తింపు కార్డు నంబరు కూడా కావాలంటున్నారు, మా దగ్గర లేదే.

న్యాయవాది: ముందు ఆమె డబ్బు పంపిన రసీదులు చూడండి, వాటి మీద ఉండొచ్చు. లైన్ కట్ చేయకండి, మా వాళ్లు మీతో కూర్చుని ఫిర్యాదు నింపిస్తారు.