రెండ్రూపాయల వడ్డీ, రూపాయి రాబడి

అందరికీ నమస్కారం.

రెండ్రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి రూపాయి మిగిలే వ్యాపారంలో పెడితే, ఎంత పెద్ద కొట్టయినా ఒకరోజు మూతపడుతుంది. మన ఊళ్లలో చదువు రానివాళ్లకు కూడా ఈ లెక్క తెలుసు. షేరు విలువ కట్టేటప్పుడు నేను మొదట చూసేదీ ఇదే.

2000 చివర్లో జిమ్ చానోస్ అనే అమెరికన్ ఫండ్ మేనేజరు ఎన్రాన్ అనే ఇంధన కంపెనీ మీద ఈ లెక్కే వేశాడు. అప్పటికి పేపర్ల నిండా ఆ కంపెనీ మీద పొగడ్తలే. షేరు 80 డాలర్ల చుట్టూ ఉంది. చానోస్‌కు కనిపించింది మాత్రం పెట్టుబడి మీద 7 శాతం రాబడి, అదీ పన్నులు కట్టకముందు. ఆ పెట్టుబడి తేవడానికయ్యే ఖర్చు అంతకంటే ఎక్కువ. వ్యాపారం పెరిగేకొద్దీ కంపెనీ లోలోపల గుల్లవుతోందన్నమాట. పైగా ఏళ్ల తరబడి సాగే కాంట్రాక్టుల మీద ఎప్పుడో రాబోయే లాభాన్ని అంచనా కట్టి, ఇప్పుడే వచ్చేసినట్టు రాసుకుంటున్నారు.

వార్షిక నివేదిక చివర్లో, చిన్న అక్షరాల్లో ఒక నోట్ ఉంది. కంపెనీ సీనియర్ అధికారి ఒకరు నడిపే భాగస్వామ్య సంస్థలతో లావాదేవీలు చేశామని అందులో రాశారు. పేరు లేదు. ఆయన కంపెనీ డబ్బు వ్యవహారాలు చూసే ఆండ్రూ ఫాస్టోనే. ఆ నోట్లు ఎన్నిసార్లు చదివినా వాటి ప్రభావం ఎంతో తేల్చుకోలేకపోయామని చానోస్ తర్వాత అమెరికా కాంగ్రెస్‌కు చెప్పాడు. లెక్కలు తెలిసినవాడికే అర్థం కాలేదంటే, అర్థం కాకూడదనే రాశారని నా నమ్మకం.

చానోస్ ఎన్రాన్ షేర్లు అప్పు తెచ్చి అమ్మాడు. షార్ట్ చేయడం అంటే ఇదే. ధర పడ్డాక కొని తిరిగి ఇచ్చేస్తే మధ్య తేడా మనకు మిగులుతుంది. 80కి అమ్మిన షేరు సున్నా అయినా వచ్చేది 80. అదే 300కి ఎగబాకితే పోయేది 220. నష్టానికి హద్దు లేదు. మన లెక్క కరెక్టే అయినా, అది నిజమయ్యేలోపు చేతిలో డబ్బు అయిపోవచ్చు. ఆ టెన్షన్ తట్టుకోలేనివాళ్లు దయచేసి దీని జోలికి వెళ్లకండి. మన దగ్గర మామూలు మదుపరి షేర్లు అప్పు తెచ్చుకోకుండా నగదు మార్కెట్లో, అంటే షేర్లనే నేరుగా కొని అమ్మే చోట, షార్ట్ చేస్తే ఆ రోజే కొని సరిచేసుకోవాలి. మర్నాటిదాకా మోయాలంటే మామూలుగా ఫ్యూచర్స్‌కో ఆప్షన్స్‌కో, అంటే షేరు ధర మీద ముందు తేదీకి రాసుకునే ఒప్పందాలకు, వెళ్తారు.

2001 డిసెంబర్ 2న ఎన్రాన్ దివాలా పిటిషన్ వేసింది. రిటైర్మెంట్ పొదుపులో ఆ షేర్లే దాచుకున్న ఉద్యోగులు వేలల్లో ఉన్నారు. వాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అందుకే షార్ట్ చేసేవాళ్లు కంపెనీలను ముంచేస్తారని ఎవరైనా తిడితే ఊరుకోలేను. పడవకు చిల్లి పెట్టింది వాళ్లు కాదు.

మన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం సంగతే చూడండి. 2008 సెప్టెంబర్ త్రైమాసికానికి 649 కోట్ల నిర్వహణ లాభం చూపించారు. అసలు లాభం 61 కోట్లేనని 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు గారే లేఖలో ఒప్పుకున్నారు. పుస్తకాల్లో ఉన్నట్టు రాసిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవు.

కొన్ని కంపెనీల వార్షిక నివేదికలు తెచ్చాను, ఈ బల్ల మీద ఉన్నాయి. తలో కాపీ తీసుకోండి. ఛైర్మన్ ఫొటో ఉన్న పేజీలు వదిలేసి, వెనక నోట్ల దగ్గర మొదలుపెడదాం.