వెర్నియర్ కొనడానికి వెళ్తే జేబులో బేరింగ్ వేసుకెళ్ళండి

నమస్తే అండి. ఇంట్లో చిన్న లేత్ మిషన్ పెట్టుకున్నాం, ఏ వెర్నియర్ కొనమంటారు అని అడుగుతున్నారు. వెర్నియర్ అంటే దవడల మధ్య వస్తువు పెట్టి సైజు కొలిచే పనిముట్టు. ఇదిగో, మూడు రకాలు. ఇది మామూలుది, ఇది డయల్, ఇది డిజిటల్. రీడింగ్ తీయడం మీకు వచ్చు, వదిలేద్దాం.

డిజిటల్ చూడండి. చివరి అంకె 0.01 ఎం.ఎం. దాకా చూపిస్తోంది కదా? చూపిస్తుంది, అంతే. అది నిజమని కాదు. 150 ఎం.ఎం. సైజులో మంచి కంపెనీది కొన్నా ప్లస్ ఆర్ మైనస్ 0.02 అనే ఉంటుంది. బేరింగ్ ఫిట్టింగ్‌కి షాఫ్ట్ తిప్పుతుంటే ఇంకా కచ్చితంగా కొలిచే మైక్రోమీటర్ తీయాల్సిందే.

షాపులో ముందు జాస్, అంటే ఆ రెండు దవడలు, మూసి, ఇలా, లైటుకేసి పెట్టండి. సందులోంచి వెలుతురు కారితే పక్కన పెట్టేయండి. నాలుగైదుసార్లు తెరిచి మూయండి, ప్రతిసారీ సున్నాకే రావాలి. అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. వెర్నియర్ సరిగ్గా కొలుస్తోందో లేదో చూడటానికి స్లిప్ గేజులు, అంటే కచ్చితమైన సైజులో చేసిన దిమ్మలు, అందరి దగ్గరా ఉండవు. అందుకని ఇది, 6202 బేరింగ్, సీలింగ్ ఫ్యాన్లలో వేసేది. కొత్తది కొనండి. బయటి డయా, అంటే వ్యాసం, 35 ఎం.ఎం. మామూలు గ్రేడులో కూడా తగ్గితే 0.011 తగ్గుతుంది, 35 దాటదు. వెర్నియర్ తేడా కూడా కలుపుకుంటే 34.97 నుంచి 35.02 లోపు రావాలి. చూడండి... 34.99. బాగుంది.

ఆగండి, ఇక్కడే నేను బోల్తాపడ్డాను. డయా కాదు, మందం కొలిచాను. మందం 11 కదా, నాకు 10.93 వచ్చింది. వెర్నియర్ పాడైందని షాపాయనతో గొడవపడి మార్పించుకున్నా. రెండోదీ 10.93. మూడోదీ 10.93! పాపం ఆయన ఏమీ అనలేదు. ఇంటికొచ్చి బేరింగ్ సైజుల్లో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే టేబుల్ తీసి చూస్తే, మందంలో 0.12 దాకా తగ్గొచ్చట. మూడు వెర్నియర్లూ నిజమే చెప్పాయి. కాబట్టి డయా. మళ్ళీ చెప్తున్నా, బయటి డయానే కొలవండి, మందం కాదు.

పట్టుకోవడం కూడా చూడండి. జాస్ కొసన పెట్టి నొక్కితే స్లైడ్, అంటే కదిలే భాగం, కాస్త వాలి రీడింగ్ మారిపోతుంది. బీమ్‌కి, అంటే పొడవాటి పట్టీకి, దగ్గరగా, ఇలా లోపలికి పెట్టండి. బొటనవేలు గట్టిగా నొక్కకూడదు.

డిజిటల్‌కి బ్యాటరీ అంటారా, ఎల్ఆర్44 బటన్ సెల్ కూడా సరిపోతుంది గానీ నేను ఎస్ఆర్44 వేస్తా. చివరిదాకా వోల్టేజీ పెద్దగా పడదు. అసలైతే నాకు డయలే ఇష్టం, బ్యాటరీ గోలే ఉండదు. కాకపోతే దాని గేర్ పళ్ళలో లోహపు చిప్స్ పడ్డాయో, అదో తలనొప్పి. దాన్ని విప్పి క్లీన్ చేయడం వచ్చే వీడియోలో చూపిస్తా.