తిరుగు రవాణా ఖర్చు ఎవరిది?

హోస్ట్: ప్రదర్శనకి బొమ్మల్ని ఎంచే జ్యూరీ ఒక ఆర్టిస్టు పెయింటింగ్‌ని ఎంపిక చేసిందనుకుందాం. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి పంపాలి. ఖర్చు ఎవరు పెట్టుకోవాలండీ?

అతిథి: ఎంట్రీ ఫీజు కట్టి దరఖాస్తు చేసుకునే ప్రదర్శనైతే మామూలుగా ఆర్టిస్టే పెట్టుకోవాలి, రానూ పోనూ. సంస్థే పిలిచి పెట్టే ప్రదర్శనైతే సంస్థ భరిస్తుంది. పంపేది మీరు, తిప్పి పంపేది మేము అనేవాళ్లూ ఉన్నారు. ప్రకటనలో తిరుగు రవాణా మాటే లేదంటే ఆ ఖర్చు మీ నెత్తినే అనుకోండి. ఇంకోటి, ఫొటో చూసి ఎంచాక, రెండో దశలో అసలు బొమ్మ తెప్పించుకుని చూసే జ్యూరీలు ఉంటాయి. అక్కడ తిరస్కరిస్తే రవాణా డబ్బు మొత్తం పోయినట్టే.

హోస్ట్: ఎంతవుతుందో ముందే లెక్కేసుకోవచ్చా?

అతిథి: కాటా బరువు చూసి వేసుకోకండి, బిల్లు చూసి బెంబేలెత్తుతారు. పెట్టె ఆక్రమించే చోటుని బట్టి కూడా బరువు లెక్కగడతారు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 36×48 అంగుళాల కాన్వాస్‌కి చెక్కపెట్టె చేయిస్తే బయటి కొలతలు దాదాపు 105, 136, 15 సెంటీమీటర్లు వస్తాయి. మూడూ గుణించి 5000తో భాగించండి, ఎయిర్ కొరియర్లు ఎక్కువగా వాడే లెక్క ఇది. 43 కిలోలు తేలుతుంది. పెట్టె తూగేది 15 కిలోలే అయినా డబ్బు 43కి కట్టాలి. రోడ్డు మీద పంపితే భాగించే అంకె మారుతుంది, బుకింగ్‌లో అడగండి.

హోస్ట్: చుట్టి ట్యూబులో పంపేస్తే?

అతిథి: మీటరు పొడవు, 15 సెంటీమీటర్ల లావు ట్యూబైతే అదే లెక్కన నాలుగున్నర కిలోలే. కానీ రంగు బయటివైపు ఉండేలా చుట్టాలి. మందంగా వేసిన ఆయిలైతే చుట్టనే వద్దు, పగుళ్లిస్తుంది. పైగా అక్కడ మళ్లీ ఫ్రేముకి బిగించేదెవరు, కూలి ఎవరిస్తారు? మెయిల్‌లో రాయించుకోండి.

హోస్ట్: తిరిగొచ్చేటప్పుడే దెబ్బలు ఎక్కువంటారు.

అతిథి: మీరు కట్టిన పెట్టెని అక్కడ విప్పేదొకరు, మళ్లీ కట్టేది ఇంకొకరు. అందుకే మేకులు కొట్టకుండా స్క్రూలు బిగించండి. ఏది ఎక్కడ ఉండాలో ఫొటోలు తీసి మూత లోపల అంటించండి. బబుల్ ర్యాప్ నేరుగా రంగుకి తగిలితే గుండ్రటి అచ్చులు పడతాయి, ముందు గ్లాసిన్ అనే నున్నటి కాగితం చుట్టాలి. ఫ్రేముకి గాజు బదులు యాక్రిలిక్ షీటు మేలు.

హోస్ట్: పాడైతే బీమా ఉంటుందిగా?

అతిథి: గ్యాలరీ బీమా చాలాసార్లు వాళ్ల గోడ మీద ఉన్నంతసేపే. కొరియర్ రసీదులో రాసే విలువ బీమా కాదు. అమెరికాలో ఫెడెక్స్‌నే చూడండి, కళాకృతులకి ఆ విలువ 1000 డాలర్లు దాటనివ్వదు. దారి బీమా మీరే విడిగా తీసుకోవాలి.

హోస్ట్: రవాణా ఖర్చు బొమ్మ ధరలో కలిపేస్తే సరి!

అతిథి: అక్కడే నష్టపోతారు. కమిషన్ మొత్తం ధర మీద కోస్తారు. 40 శాతం అనుకుంటే, మీరు కలిపిన 4000 రూపాయల్లో 1600 గ్యాలరీకే, చేతికొచ్చేది 2400. అమ్ముడైన బొమ్మని కొన్నవాళ్ల ఖర్చుతో పంపిస్తారేమో ముందే అడగండి. బొమ్మ అమ్ముడయ్యేసరికి తిరుగు కొరియర్ లేబుల్‌కి ముందే డబ్బు కట్టి ఉంటే, వెంటనే రద్దు చేయించి ఆ డబ్బు వెనక్కి తీసుకోండి.