పాత ఇంజిన్‌కు డైరెక్ట్ ఇంజెక్షన్ కిట్: బిగించి చూశాక నా అభిప్రాయం

నమస్కారం. పెట్రోలును నేరుగా సిలిండర్ లోపలికే చల్లే ఈ కిట్‌ను తయారీదారులే నాకు ఉచితంగా పంపించారు. డబ్బు ఇవ్వలేదు, ఏం చెప్పాలన్న షరతూ పెట్టలేదు. పంపు సామర్థ్యం, ఇంజెక్టర్ కొలతలు మీరు ఇప్పటికే చదివి ఉంటారు కాబట్టి, కార్బ్యురేటర్ కాలం నాటి నా నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు దీన్ని బిగించేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్న పని గురించి నేరుగా మాట్లాడతాను. అది సిలిండర్ హెడ్‌లో ఇంజెక్టర్ కోసం తొలిచే రంధ్రం.

పాత హెడ్‌లో వాల్వులు, స్పార్క్ ప్లగ్, హెడ్ బోల్టులు, వాటి చుట్టూ నీళ్లు తిరిగే జాకెట్ ఉన్న చోటంతా ఆక్రమించుకుని ఉంటాయి. గాలి లోపలికి వచ్చే దారి అయిన ఇన్‌టేక్ పోర్టు కింది నుంచి వాలుగా తొలిస్తే తప్ప ఇంజెక్టర్‌కు దారి దొరకదు. ఆ దారిలో జాకెట్ గోడ తెగితే స్లీవ్ (లోహపు గొట్టం) దిగ్గొట్టి మూయాలి, ఆ స్లీవ్ దహన గదిలోని వేడినీ ఒత్తిడినీ ఏళ్ల తరబడి తట్టుకోవాలి. కిట్‌తో వచ్చిన డ్రిల్లింగ్ జిగ్ నిజంగా మెచ్చుకోదగినది, అది కోణాన్ని ఏమాత్రం తప్పనివ్వదు. అయితే పోతపోసిన హెడ్‌లలో లోపలి గోడ మందం అన్నిటికీ ఒకేలా ఉండదు. తొలిచే ముందు ఆ మందాన్ని కొలిచి చూసుకోవాలని మాన్యువల్‌లో ఒక్క వాక్యమైనా లేదు. ఒకసారి తొలిచిన హెడ్‌ను మళ్లీ మామూలు హెడ్‌గా మార్చలేము కాబట్టి, ఈ లోపాన్ని నేను చిన్నదిగా చూడలేను.

రంధ్రం కోణం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, పెట్రోలును వాల్వుకు బయటే, ఇన్‌టేక్ పోర్టులో చల్లే పోర్ట్ ఇంజెక్షన్‌లో వాల్వు మూసి ఉన్నప్పుడు కూడా పెట్రోలు చల్లవచ్చు గానీ, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. నిమిషానికి 6000 చుట్ల వేగంలో గాలిని పీల్చుకునే ఇన్‌టేక్ స్ట్రోక్ మొత్తం 5 మిల్లీసెకన్లలో ముగుస్తుంది. ఆ కొద్ది వ్యవధిలోనే పెట్రోలు తుంపరగా విడిపోయి, ఆవిరై, గాలిలో కలవాలి. తుంపర సిలిండర్ గోడను తాకితే అక్కడి ఆయిల్ పొరను కడిగేసి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోకి దిగుతుంది. 1954లో వచ్చిన మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌ఎల్‌లో, సెడాన్ నుంచి తీసుకున్న ఆరు సిలిండర్ల ఇంజిన్‌కే డైరెక్ట్ ఇంజెక్షన్ అమర్చారు. ఇగ్నిషన్ ఆపిన తర్వాత కూడా ఇంజిన్ పూర్తిగా ఆగేవరకు మెకానికల్ పంపు పెట్రోలు చల్లుతూనే ఉండడం వల్ల ఆ కారులోనూ ఆయిల్ పలచబడేది. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇంజెక్టర్లతో ఆ బాధ లేదు, కానీ తుంపర దిశ తప్పితే గోడ తడవడం మాత్రం నేటికీ మారలేదు.

పంపును తిప్పడానికి ఇచ్చిన పళ్ల బెల్టు ఏర్పాటు దృఢంగా ఉంది. ఇంజెక్టర్లను తెరవడానికి 12 వోల్టులు చాలవు కనుక, సుమారు 65 వోల్టుల వరకు పెంచే డ్రైవర్‌ను కంట్రోల్ యూనిట్‌లోనే అమర్చారు.

ఇక నడక విషయానికి వస్తే, నాకు అమితమైన ఆనందం కలిగింది. పెట్రోలు సిలిండర్ లోపలే ఆవిరవుతూ అక్కడి గాలి వేడిని లాక్కోవడం వల్ల, బరువు మీద ఎత్తు ఎక్కేటప్పుడు మునుపు వినిపించే నాకింగ్ (మిశ్రమం దానంతటదే అంటుకుని చేసే టకటక శబ్దం) పోయింది. ఇగ్నిషన్ టైమింగ్‌ను ఇంకాస్త ముందుకు జరపగలిగాను. ఇంతకుముందు ఇదే ఇంజిన్‌కు బిగించిన పోర్ట్ ఇంజెక్షన్ కిట్‌తో ఇది సాధ్యపడలేదు.

అయితే ఆ పాత కిట్‌లో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల వెనుక భాగాన్ని ఎప్పటికప్పుడు కడుగుతూ ఉండేది. ఇప్పుడు ఆ కడుగుడు లేదు. వాల్వు గైడ్లు అరిగిన పాత ఇంజిన్లలో దిగే ఆయిల్ వాల్వుల మీదే మసిగా పేరుకుంటుంది. టయోటా తన డీ-4ఎస్ ఇంజిన్లలో రెండు రకాల ఇంజెక్టర్లనూ కలిపి వాడుతోంది. నా పోర్ట్ ఇంజెక్టర్లు ఇంకా మానిఫోల్డ్‌లోనే ఉన్నాయి, వాల్వులను కడిగేలా వాటిని కూడా నడపడానికి ఈ కంట్రోల్ యూనిట్‌లో నాలుగు అవుట్‌పుట్‌లు అదనంగా ఉంటే సరిపోయేది.

విడిగా మరో హెడ్ ఉండి, మందం కొలిచి తొలిచే మెషినిస్టు అందుబాటులో ఉన్నవారు దీన్ని ధైర్యంగా తీసుకోవచ్చు. ఉన్న ఒక్క హెడ్‌తోనే రోజూ కారు నడిపేవారికి మాత్రం, ఆ మాన్యువల్‌ను తిరగరాసే వరకు, పోర్ట్ ఇంజెక్షన్ కిట్‌నే సూచిస్తాను.