విడిపాటల కాలంలో ఆల్బమ్: ఒక అభిమాని వాదన

(హైదరాబాద్‌లోని ఒక స్టూడియోలో జరిగిన చర్చ పాఠం. పాల్గొన్నవారు: సంధానకర్త, సినిమా పాటల అభిమాని అయిన ఒక బ్యాంకు ఉద్యోగి, చిక్కడపల్లిలో వయొలిన్ నేర్పే ఒక టీచరు, ఒక రికార్డింగ్ ఇంజినీరు.)

సంధానకర్త: నమస్కారం. ఇటీవలి తెలుగు సినిమా ఆల్బమ్‌లలో ఏవి నచ్చాయో, ఏవి నచ్చలేదో మొహమాటం లేకుండా చెప్పడానికి ఒక అభిమాని వచ్చారు. ముందు మీరే మొదలుపెట్టండి సార్. మీరు ఆల్బమ్‌ను ఎలా వింటారు?

అభిమాని: నేను రోజూ ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగుతాను. ఆ ప్రయాణంలో ఒక సినిమా పాటలన్నిటినీ, ఏదీ దాటవేయకుండా, వరుసగా వినడం నా అలవాటు. కోఠి, సుల్తాన్‌బజార్ దుకాణాల్లో క్యాసెట్ కొని రెండు వైపులా తిప్పి తిప్పి విన్న తరం మాది కాబట్టి, ఒక సినిమా పాటలన్నీ ఒకే ఇంటి మనుషుల్లా ఉండాలని ఆశిస్తాను. ఆ లెక్కన ఈ మధ్యకాలంలో నాకు పూర్తి తృప్తినిచ్చినవి రెండే: 2022లో వచ్చిన ‘సీతారామం’, 2023లో వచ్చిన ‘బలగం’. దేవిశ్రీ ప్రసాద్ అంటే నాకు ప్రాణమే అయినా, ‘పుష్ప 2’ను మాత్రం వాటి పక్కన పెట్టలేను.

సంధానకర్త: ప్రాణమంటూనే పక్కన పెట్టలేనంటున్నారు!

అభిమాని: ప్రాణం కాబట్టే అడిగే హక్కు ఉందనుకుంటున్నాను. మొదటి ‘పుష్ప’లో ‘శ్రీవల్లి’ పాడిన సిద్ శ్రీరామ్ గొంతుకూ, ‘ఊ అంటావా’ పాడిన ఇంద్రావతి చౌహాన్ గొంతుకూ పోలికే లేదు. అయినా రెండు పాటలూ ఒకే మట్టి మీద నడిచినట్టు వినిపిస్తాయి. ఆ ఆల్బమ్‌కు ఆయనకు జాతీయ పురస్కారం వచ్చినప్పుడు మా ఇంట్లో మిఠాయి పంచుకున్నాం. రెండో భాగానికి వచ్చేసరికి, మొదటి పాట 2024 మేలో విడుదలైతే, ‘కిసిక్’ నవంబరు చివర్లో, ‘పీలింగ్స్’ సినిమాకు నాలుగు రోజుల ముందు వచ్చాయి. రెండు భాగాల్లోనూ సాహిత్యం చంద్రబోస్ గారిదే. మాటలో లోటు లేదు. కానీ ఏ పాటకు ఆ పాట తన స్టెప్పు కోసమే పుట్టినట్టుంది తప్ప, పక్క పాటతో దానికి చుట్టరికం కనిపించదు. వాటిలో నేను మళ్ళీ మళ్ళీ వినేది శ్రేయా ఘోషాల్ పాడిన ‘సూసేకి’ ఒక్కటే.

ఇంజినీరు: ఇందులో పని తీరు పాత్ర కూడా ఉంది. ఒకే పాటను నాలుగైదు భాషల్లో విడుదల చేయాలనుకున్నప్పుడు, ఏ భాషలోకి మార్చినా ఇమిడిపోయే చిన్న పదం, తేలికైన బాణీ వైపు మొగ్గు సహజంగానే ఉంటుంది. పైగా ఇప్పుడు ఎక్కువమంది ఫోన్ స్పీకర్‌లో వింటారు. అందులో లోతైన బేస్ పలకదు కాబట్టి, మిక్సింగ్‌లో గొంతునూ, చప్పట్లనూ, తాళాన్నీ ముందుకు తోస్తాం. ప్రతి పాటనూ అలా తోస్తే అన్నీ ఒకే ఎత్తున అరిచినట్టు వినిపిస్తాయి.

టీచరు: విడివిడిగా రావడమే దోషమని మాత్రం నేను ఒప్పుకోను. 2020 సంక్రాంతికి వచ్చిన ‘అల వైకుంఠపురములో’ పాటలు కూడా అంతకు ముందు సెప్టెంబరు నుంచి ఒక్కొక్కటిగానే వచ్చాయి కదా? సీతారామశాస్త్రి గారు ‘సామజవరగమన’ రాస్తే, ‘రాములో రాములా’ కాసర్ల శ్యామ్, ‘బుట్టబొమ్మ’ రామజోగయ్యశాస్త్రి రాశారు. కవులు వేరు, గాయకులు వేరు. అయినా తమన్ చేతిలో అది ఒక్క ఆల్బమ్‌గానే నిలిచింది. ఇంకొక మాట: క్యాసెట్ రోజుల్లో మనం అన్నీ భక్తిగా విన్నామనడం కూడా కొంత అతిశయోక్తే. ముందుకు తిప్పడం విసుగు కాబట్టి విన్నాం.

అభిమాని: (నవ్వుతూ) టీచర్ గారి దెబ్బ గట్టిగానే తగిలింది. ‘అల వైకుంఠపురములో’ విషయంలో నా వాదన సరిదిద్దుకుంటాను. విడుదల తేదీలు కాదు, ఆ పాటల వెనుక ఒక తలపు ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. శ్రీకాకుళం యాసలోని ‘సిత్తరాల సిరపడు’ పాటను ఆ సినిమాలో చివరిదాకా దాచి ఉంచిన తీరే అందుకు సాక్ష్యం.

సంధానకర్త: అయితే ‘సీతారామం’లో మీకు కనిపించిన ఆ తలపు ఏమిటి?

అభిమాని: కథ 1960ల నాటిది. ఆ కాలాన్ని గుర్తు చేయడానికి సంగీత దర్శకుడు విశాల్ చంద్రశేఖర్ పాత పాటలను అనుకరించలేదు. గొంతు చుట్టూ ఖాళీ వదిలారు, తీగ వాయిద్యాలను తొందరపెట్టలేదు. ‘ఇంతందం’ పాటను ఎస్పీ చరణ్ పాడుతుంటే, 2020 సెప్టెంబరులో మనల్ని వదిలి వెళ్ళిన బాలు గారు ఎక్కడో పల్లవి చివరన ఒక్క క్షణం తొంగి చూసినట్టు ఉంటుంది. అది పోలికను వాడుకోవడం అని విమర్శించేవారున్నారు. నాకైతే ఒక తండ్రి గొంతు కొడుకు దగ్గర క్షేమంగా ఉందన్న నిశ్చింత కలిగింది. ఇక ‘కానున్న కళ్యాణం’ సీతారామశాస్త్రి గారి రచన. ఆయన 2021 నవంబరు 30న కన్నుమూశారు. సినిమా వచ్చింది మరుసటి ఏడాది ఆగస్టులో. కవి లేని లోకంలో ఆయన రాసిన పెళ్ళి పాట వినవలసి వచ్చింది.

టీచరు: ఆ పాటను నా విద్యార్థులకు నేర్పించాను. వయొలిన్ మీద వాయిస్తే మాట లేకుండానే అర్థమవుతుంది; ఒక బాణీ బలానికి అంతకంటే గట్టి పరీక్ష నేను ఎరగను. అయితే మిగతా పాటల్లో నడక ఒకటే అవడం వల్ల కొంత బరువు అనిపిస్తుందని కూడా చెప్పాలి.

సంధానకర్త: భీమ్స్ సిసిరోలియో గురించి కూడా మాట్లాడుకుందాం. ఆయన స్వరపరచిన ‘సంక్రాంతికి వస్తున్నాం’లో ‘గోదారి గట్టు’ ఊరూవాడా మోగింది కదా?

అభిమాని: మోగింది, ఆనందించాను. ‘తమ్ముడు’, ‘బద్రి’ పాటలతో పెరిగినవాణ్ణి కాబట్టి రమణ గోగుల గొంతు ఇన్నేళ్ళకు వినగానే చిన్నప్పటి బస్సు ప్రయాణాలు గుర్తొచ్చాయి. అయినా భీమ్స్ ప్రతిభకు కొలత అది కాదు, ‘బలగం’. ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్ గారికి జాతీయ పురస్కారం వచ్చింది. ఆ పాటలో తెలంగాణ పల్లె పొద్దునలేచి చేసే పనులే సాహిత్యం. ఇక కథ చివర, ఊరూరా తిరిగి కథలు పాడే బుడగ జంగాల కళాకారులైన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు చావు ఇంటి ముందు నిలబడి పాడే పాటకు స్టూడియో మెరుగులు దాదాపు లేవు. చాలా ఊళ్ళలో జనం గుడ్ల నీళ్ళు కుక్కుకుంటూ తెర ముందు కూర్చుని విన్నారు.

ఇంజినీరు: అలాంటి గొంతులను శుభ్రం చేయబోతే ప్రాణం పోతుంది. శ్వాస, గొంతు జీర అన్నీ ఉంచేయాలి. మా పని అక్కడ చేతులు కట్టుకుని కూర్చోవడమే.

సంధానకర్త: ఈ సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఏం వింటారు సార్?

అభిమాని: ‘బలగం’ మొదలుపెడతాను. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి చివరి పాట దగ్గర ఆపేస్తాను. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో వెళ్ళిపోయిన దగ్గర నుంచి, రైల్లో పదిమంది మధ్య ఆ పాట వినడం నా వల్ల కావడం లేదు. ఇంటికి వెళ్ళాక, మా అమ్మ పక్కన కూర్చున్నప్పుడు వింటాను.