చిగురు జారిన పన్ను: పీకించే ముందు ఏం చూడాలి

[దృశ్యం: అద్దం ముందు కింది పెదవిని వేలితో లాగి పట్టుకున్న దగ్గరి షాట్. కింది ముందు పళ్ళు, వాటి మొదట్లో పసుపుపచ్చ గీత.]

వ్యాఖ్యానం:
పన్ను ఈమధ్య పొడుగైనట్టు అనిపిస్తోందా? పన్ను పెరగలేదు, దాన్ని కప్పి ఉంచే చిగురు జారింది. పంటి పైనుండే తెల్లటి గట్టి పొర, ఎనామిల్, అయిపోయిన చోట కాస్త పసుపుగా కనిపించేది పంటి వేరు. అది బయటికి కనబడకూడని భాగం.

ముందే ఒక మాట చెప్పేద్దాం. జారిన చిగురు దానంతట అది వెనక్కి రాదు. ఏ పేస్టు రాసినా, ఏ నూనె పుక్కిలించినా రాదు. అలాగని పన్ను పోయినట్టూ కాదు. జారడాన్ని ఉన్నచోట ఆపొచ్చు. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎక్కడ చూసినా పన్ను కాస్త కదిలితే "పీకించేయ్, పీడా పోతుంది" అనేస్తారు. అలా పీకించుకున్న పళ్ళలో నిలబెట్టగలిగినవి చాలానే ఉంటాయి.

[దృశ్యం: పంటి నిలువు కోత బొమ్మ. ఎనామిల్, డెంటిన్, లోపలి నరం, చుట్టూ ఎముక, పైన చిగురు.]

వ్యాఖ్యానం:
వేరు మీద ఎనామిల్ ఉండదు. దాని లోపలి డెంటిన్ నిండా కంటికి కనబడనంత సన్నని గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. చల్లటి నీళ్ళు తగిలితే ఆ ద్రవం కదిలి లోపలి నరం జివ్వుమంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పులుపును పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. నోట్లో పీహెచ్ 5.5 దాకా పడిపోతే గానీ ఎనామిల్ కరగదు. వేరుకైతే అంత పులుపు అక్కర్లేదు, 6.2, 6.7 మధ్యే కరగడం మొదలవుతుంది. అందుకే బయటపడ్డ వేరు తొందరగా పుచ్చుతుంది. నిమ్మకాయ పిండిన పఖాళ (నీళ్ళలో నానబెట్టిన అన్నం), చింతపులుసు మానమని కాదు. తిన్నాక మంచినీళ్ళతో పుక్కిలించి, ఒక అరగంట ఆగి బ్రష్ చేయండి. పులుపు తగిలి మెత్తబడిన పంటిని వెంటనే తోమితే ఇంకా అరుగుతుంది.

[దృశ్యం: కింది ముందు పళ్ళ వెనక గార. తర్వాత, గుడాకు డబ్బా మూత తీస్తున్న వేళ్ళు.]

వ్యాఖ్యానం:
చిగురు జారడానికి పెద్ద కారణం గార. పంటి మీది మెత్తటి పాచిని తీయకపోతే ఒకటి రెండు రోజుల్లోనే గట్టిపడటం మొదలై గార అవుతుంది. ఇక బ్రష్‌కు లొంగదు. లాలాజల గ్రంథులు తెరుచుకునే చోటు కాబట్టి కింది ముందు పళ్ళ వెనక ఇది ఎక్కువగా పేరుకుంటుంది. గార మీద మళ్ళీ పాచి, ఆ పాచిలో సూక్ష్మజీవులు. వాటితో ఒళ్ళు చేసే పోరాటంలో పంటి చుట్టూ ఉన్న ఎముక కరుగుతుంది. ముందు ఎముక దిగుతుంది, దాని వెంటే చిగురు. గుంజ చుట్టూ మట్టి కొట్టుకుపోతే గుంజ ఊగినట్టు పన్ను ఊగుతుంది.

ఒడిశా వైపు మనవాళ్ళకు ఇంకో కారణం ఉంది, గుడాకు. పొగాకు, బెల్లపు పాకం, సున్నం, ఎర్రమట్టి కలిపిన ముద్ద అది. పళ్ళు తోముకోవడానికని మొదలై రోజుకు నాలుగైదు సార్లకు చేరుతుంది. అందులోని మట్టి వేరును అరగదీస్తుంది. నికోటిన్ చిగురులోని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. అంటే లోపల ఎముక కరుగుతున్నా పైకి రక్తం కారదు. "నా చిగుళ్ళు గట్టివి, రక్తమే రాదు" అనుకునేవాళ్ళలో గుడాకు, ఖైనీ, బీడీ, చుట్ట అలవాటున్నవాళ్ళు ఎందరో. రక్తం రాకపోవడమే వాళ్ళను మోసం చేస్తుంది. ఖైనీ దవడలో ఒకేచోట పెట్టుకుంటే సరిగ్గా అక్కడే చిగురు జారుతుంది. అక్కడ గానీ, అడ్డచుట్ట (నిప్పు కొస నోట్లో పెట్టుకుని) కాల్చేవాళ్ళకు అంగిట్లో గానీ తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మానని పుండు రెండు వారాలు దాటి ఉంటే వెంటనే చూపించుకోండి. పొగాకు మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. పొగాకు ప్యాకెట్ల మీద అచ్చయ్యే నంబరే ఇది.

షుగర్ ఉన్నవాళ్ళకు ఎముక ఇంకా వేగంగా కరుగుతుంది. చిగుళ్ళ వైద్యానికి వెళ్ళేటప్పుడు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టు పట్టుకెళ్ళండి.

[దృశ్యం: గట్టి బ్రష్, మెత్తటి బ్రష్ పక్కపక్కన. తర్వాత పళ్ళ నమూనా మీద బ్రష్ పెట్టి చూపించడం, నెమ్మదిగా.]

వ్యాఖ్యానం:
ఇక తోమే పద్ధతి. శుభ్రంగా తోముకునేవాళ్ళకూ చిగురు జారుతుంది. అది గట్టి బ్రష్‌తో అడ్డంగా రుద్దడం వల్ల. కుడిచేత్తో తోమేవాళ్ళకు ఎడమవైపు కోరపన్ను, దాని వెనక పళ్ళ మొదట్లో గొడ్డలి గాటు లాంటి నొక్కు పడుతుంది. బొగ్గు, ఉప్పు, ఇటుకపొడి, గరుకు పళ్ళపొడి ఇంకా తొందరగా కోస్తాయి. వేప, కానుగ పుల్ల వాడేవాళ్ళు కొసను బాగా నమిలి మెత్తని కుచ్చు చేసుకుని, చిగురు నుంచి పంటి కొస వైపే తీయాలి, అడ్డంగా రాయకూడదు.

'సాఫ్ట్' అని రాసి ఉన్న బ్రష్ కొనండి. కుచ్చులు సగం చిగురు మీద, సగం పంటి మీద ఉండేలా 45 డిగ్రీల వాలులో ఆనించండి. అక్కడే ఉంచి, రెండేసి పళ్ళకు పది పదిహేను సార్లు సన్నగా వణికించి, పంటి కొస వైపు ఊడ్చండి. పిడికిలి బిగించకుండా పెన్ను పట్టినట్టు పట్టుకుంటే ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది. ఉదయం, రాత్రి రెండేసి నిమిషాలు. రాత్రిది మాత్రం తప్పకూడదు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాచికి అడ్డుండదు. పేస్టు బఠాణీ గింజంత చాలు, అందులో ఫ్లోరైడ్ ఉండాలి. తోమాక నురుగు ఉమ్మేసి వదిలేయండి. నీళ్ళతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కూడా పోతుంది. కుచ్చులు విచ్చుకున్నా, మూడు నెలలైనా బ్రష్ మార్చాలి.

జివ్వుమంటుంటే 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడండి. రెండు పూటలా వాడినా గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగో రోజుకే "పనిచేయలేదు" అని మానేస్తారు, అక్కడే తప్పు జరుగుతుంది. రాత్రి తోమాక కాస్త పేస్టు వేలితో ఆ వేరు మీద రాసి వదిలేస్తే ఇంకా మంచిది.

చిగురు జారి పళ్ళ మధ్య సందులు పడితే పళ్ళ దారం (ఫ్లాస్) కంటే సందుల బ్రష్ (ఇంటర్‌డెంటల్ బ్రష్) బాగా పనిచేస్తుంది. కుచ్చులు సందును నింపాలి గానీ మధ్య తీగ పంటికి రాసుకోకూడదు. ఒకే నోటికి రెండు సైజులు కావాల్సి రావడం మామూలే.

[దృశ్యం: గీతలున్న సన్నటి కొలపుల్ల చిగురు పక్కన దిగుతోంది. తెర మీద అంకెలు: 2, 3, 6.]

వ్యాఖ్యానం:
డాక్టరు చేసే మొదటి పని కొలవడం. చిగురుకూ పంటికీ మధ్య లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే ఫర్వాలేదు. 4, 5 అంటే లోపల గార ఉన్నట్టే. 6 దాటితే ఒక్కోసారి చిగురు తెరిచి శుభ్రం చేయాల్సి వస్తుంది. కొలవకుండా, ఎక్స్‌రే తీయకుండా "ఇది ఉండదు, తీసేద్దాం" అంటే ఇంకోచోట చూపించుకోండి. కదలికకూ లెక్క ఉంది. పక్కలకు ఒక మిల్లీమీటరు లోపు కదిలేది సాధారణంగా గార తీస్తే బిగుస్తుంది. అంతకంటే ఎక్కువ ఊగితే పక్క పళ్ళతో కలిపి కడతారు. కిందికి నొక్కితే దిగే పన్ను నిలవడం కష్టం.

"క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయి" అనే మాట దాదాపు ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. నిజంగా జరిగేది వేరు. పళ్ళను పట్టి ఉంచుతున్నట్టు కనిపించిన గార పోతుంది, వాచిన చిగురు వాపు తీసి తన అసలు మట్టానికి వస్తుంది. అప్పటిదాకా కనబడని సందులు బయటపడతాయి, కొన్నాళ్ళు చల్లదనం తగులుతుంది. ఎముక ఎప్పుడో పోయింది, క్లీనింగ్ రోజున కాదు. చిగురు లోపల పంటి వేరు దాకా గార తీసే క్లీనింగ్‌ను మత్తు ఇచ్చి, తరచూ రెండు మూడు విడతల్లో చేస్తారు. 6 నుంచి 12 వారాల తర్వాత మళ్ళీ కొలిపించుకోవాలి. ఈ రెండో కొలత మానేస్తే వైద్యం పనిచేసిందో లేదో తెలియదు.

పళ్ళ మధ్య ఎముక నిలిచి, ముందువైపు చిగురు మాత్రమే జారినప్పుడు అంగిట్లోంచి కాస్త కణజాలం తీసి వేరును కప్పే శస్త్రచికిత్స ఉంది. మధ్య ఎముక కూడా పోతే పూర్తిగా కప్పడం సాధ్యం కాదు. పొగాకు మానకపోతే ఈ అతుకు సరిగ్గా అంటుకోదు.

[దృశ్యం: నొక్కు పడిన పన్ను, పుచ్చిన దవడ పన్ను, విరిగిన దవడ పన్ను.]

వ్యాఖ్యానం:
పన్నే దెబ్బతింటే? మొదట్లో నొక్కు పడితే ఫిల్లింగ్ సరిపోతుంది, తోమే తీరు మార్చకపోతే అదీ ఊడుతుంది. లోతుగా పుచ్చిన పంటిలో నొప్పి ఎంతసేపు నిలుస్తుందో గమనించండి. చల్లటిది తగిలి వెంటనే తగ్గితే నరం ఇంకా బతికే ఉంది, ఫిల్లింగ్‌తో కాపాడొచ్చు. అర నిమిషం దాటి లాగుతూ ఉంటే, రాత్రి నిద్ర లేపితే, వేడికి పెరిగితే రూట్ కెనాల్ కావాలి, అంటే లోపలి నరం తీసి ఆ చోటు నింపే వైద్యం. ఈ నొప్పికి యాంటీబయాటిక్ మందు కాదు. లోపలి నరం కుళ్ళుతుంటే మాత్ర దాన్ని బాగుచేయలేదు.

రూట్ కెనాల్ నిలుస్తుందా అనేది పంటిలో మిగిలిన గట్టి భాగాన్ని బట్టి ఉంటుంది. క్యాప్ పట్టుకోవడానికి చిగురు పైన చుట్టూ 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల గోడ కావాలి. చివరి ఎక్స్‌రే అడిగి చూడండి. లోపల నింపిన తెల్లగీత వేరు కొసకు 2 మిల్లీమీటర్ల లోపు దాకా వెళ్ళి ఆగాలి, కొస దాటి పొడుచుకు రాకూడదు. చిగురూ నరమూ రెండూ చెడితే సాధారణంగా ముందు రూట్ కెనాల్, తర్వాత చిగుళ్ళ వైద్యం.

దూరం నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మొదటి విడతలో నొప్పి పోతుంది, రాయగడ నుంచి మళ్ళీ బస్సెక్కడం బద్ధకమవుతుంది. తాత్కాలిక ఫిల్లింగ్‌ను రెండు మూడు వారాలకు మించి నమ్మకూడదు, అది కారితే లోపలికి సూక్ష్మజీవులు చేరతాయి. క్యాప్ లేని దవడ పన్ను గట్టి వక్క కొరికినప్పుడు నిలువునా చీలుతుంది. వేరు నిలువునా చీలితే ఇక దాన్ని కాపాడలేం, తీసేయాల్సిందే. కాబట్టి మొదలుపెట్టే రోజే ఎన్ని విడతలు, క్యాప్ ఎప్పుడు అని అడిగి తేదీలు రాయించుకోండి. బరంపురం ఎమ్‌కేసీజీ ఆసుపత్రిలో దంత విభాగం ఉంది. పెద్ద కేసులకు కటక్‌లో ఎస్‌సీబీ దంత కళాశాల ఉంది.

తీయక తప్పని పన్ను తీయించాక సందును ఏళ్ళ తరబడి వదిలేయొద్దు. పక్క పళ్ళు అటు ఒరిగి, తిండి ఇరుక్కుని, వాటి చిగురు జారడం మొదలవుతుంది. తీసి పెట్టుకునే కట్టుడు పన్ను వాడితే దాని కొక్కెం చిగురును నొక్కుతోందేమో చూపించుకుని, రాత్రి తీసి నీళ్ళలో ఉంచండి.

[దృశ్యం: నల్ల తెర మీద పెద్ద అక్షరాలు: "ఆగకుండా ఆసుపత్రికి".]

వ్యాఖ్యానం:
పంటి నొప్పితో పాటు దవడ కిందో, నాలుక కిందో వాపు, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం, జ్వరం ఉంటే తెల్లవారేదాకా ఆగొద్దు. ఆ వాపు గొంతులో ఊపిరి దారిని మూసేయగలదు. క్లినిక్కులు మూసి ఉంటే జిల్లా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి, 108కి ఫోన్ చేయండి. వాపు మీద వేడి కాపడం పెట్టొద్దు, చిగురు మీద ఆస్పిరిన్ బిళ్ళ ఉంచొద్దు, అది చిగురును కాలుస్తుంది.